దేశాల కలప లెక్కలు, మన గెట్టు మీది టేకు: గ్రాఫు చూపిస్తే అడగాల్సిన ఆరు ప్రశ్నలు



మన ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల వైపు ఇప్పుడు రెండు రకాల మనుషులు పొలాల దగ్గరికి వస్తున్నారు. ఒకరు ప్లాట్ల కోసం. ఇంకొకరు టేకు, శ్రీగంధం, ఎర్రచందనం మొక్కలు అమ్మడానికి. ఈ రెండో రకం వాళ్ల చేతిలో ఒక రంగుల కాగితం ఉంటుంది. అందులో ఒక గ్రాఫు. "మన దేశం ఏటా ఇంత హార్డ్‌వుడ్ దిగుమతి చేసుకుంటోంది, గీత పైకి పోతోంది, కాబట్టి ఎకరం మొత్తం చెట్లు పెట్టండి, పదిహేనేళ్లకు కోటి" అంటారు. కంది, జొన్న, కూరగాయలు వేసుకునే ఎకరం పదిహేనేళ్లు కట్టిపడేయమని అడుగుతున్నారన్నమాట. చిన్న మాట కాదు కదా. చాలామంది రైతులు "అన్నా, ఆ లెక్క నిజమేనా" అని నన్ను అడిగారు. అందుకే ఈ పాఠం.

గ్రాఫులో అంకెలు నిజమే కావచ్చు. అంకె నిజమైనంత మాత్రాన దాని మీద కట్టిన మాట నిజం కాదు. దేశాల కలప వ్యాపారాన్ని పోల్చి చూడటం ఎలాగో తెలిస్తే ఆ కాగితాన్ని మీరే పరీక్ష పెట్టగలరు. ఆరు ప్రశ్నలు చాలు. దుంగ కొలత మాత్రం పై వీడియోలో టేపు పట్టి చూపించాను, అది తప్పకుండా చూడండి.

1. హార్డ్‌వుడ్ అంటే ఏ చెట్టు?

మనం హార్డ్‌వుడ్ అనగానే గట్టి కర్ర, చేవ ఉన్న కర్ర అనుకుంటాం. వ్యాపార లెక్కల్లో అర్థం వేరు. ఆకు వెడల్పుగా ఉండే చెట్లన్నీ హార్డ్‌వుడ్. పైన్, దేవదారు లాంటి సూది ఆకుల చెట్లు సాఫ్ట్‌వుడ్. ఈ లెక్కన బెండులా తేలికగా ఉండే బాల్సా కూడా హార్డ్‌వుడ్డే. మన టేకు, వేప, తుమ్మ, మామిడి, జామాయిల్, సుబాబుల్, మలబార్ వేప అన్నీ అందులోకే వస్తాయి. కాగితం మిల్లుకు పోయే జామాయిల్ పెరిగినా "హార్డ్‌వుడ్ పెరిగింది" అనే రాస్తారు. దానితో టేకు రేటుకు సంబంధం లేదు.

ఇంకొకటి. "భారత్ కలప దిగుమతి" అన్న మొత్తం అంకెలో న్యూజిలాండ్, ఉరుగ్వే నుంచి వచ్చిన పైన్ దుంగలు కూడా కలిసి ఉంటాయి. అవి ఎక్కువగా ప్యాకింగ్ పెట్టెలకు, సెంట్రింగ్ చెక్కకు పోతాయి. ఆ మొత్తం చూపించి టేకు మొక్క అమ్మితే, బియ్యం రేటు చూపించి రాగులు అమ్మినట్టే.

2. దుంగా, కోసిన చెక్కా?

అంతర్జాతీయ సరుకు కోడుల్లో దుంగలకు 4403, కోసిన కలపకు 4407, ప్లైవుడ్‌కు 4412 అని వేర్వేరు నంబర్లు ఉన్నాయి. ఒక దేశం దుంగల ఎగుమతి ఆపేస్తే 4403 గీత కింద పడిపోతుంది. కానీ అక్కడి సామిల్లులు కోసి పంపడం మొదలుపెడతాయి, 4407 పైకి లేస్తుంది. ఆఫ్రికాలో గాబన్ దేశం 2010లో దుంగల ఎగుమతి నిషేధించినప్పుడు ఇదే జరిగింది. దుంగల గీత ఒక్కటే చూసినవాళ్లు గాబన్ వ్యాపారం ఆగిపోయింది అనుకుంటారు.

రెండూ కలిపి చూడాలంటే కోసిన చెక్కను తిరిగి దుంగ లెక్కలోకి మార్చాలి. మోటుగా రెండు ఘనపు మీటర్ల దుంగ కోస్తే ఒక ఘనపు మీటరు చెక్క వస్తుంది. మిగతాది పొట్టు, బెరడు, ముక్కలు. కాబట్టి ఒక లక్ష ఘనపు మీటర్ల కోత కలప అంటే అడవిలో సుమారు రెండు లక్షల దుంగ నరికినట్టు.

3. ఏ కొలత?

ఇది మన జేబుకు నేరుగా తగిలే విషయం, కొంచెం నిదానంగా చదవండి.

ప్రపంచ లెక్కలు ఘనపు మీటర్లలో ఉంటాయి. మన అడితిల్లో ఘనపు అడుగు, అంటే సీఎఫ్‌టీ. ఒక ఘనపు మీటరుకు 35.3 ఘనపు అడుగులు. ఇంతవరకు సులభం. కానీ దుంగను కొలిచే పద్ధతి రెండు రకాలు.

ఇంగ్లాండులో ఎడ్వర్డ్ హొప్పస్ అనే ఆయన 1736లో కలప కొలతల పట్టికలు అచ్చేశాడు. ఆ పద్ధతి బ్రిటిష్ వాళ్లతో బర్మాకు, మన దేశానికి వచ్చింది. ఇప్పటికీ చాలా అడితిల్లో అదే నడుస్తోంది. దుంగ మధ్యలో చుట్టుకొలత తీసుకుని, దాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు.

ఉదాహరణకు చుట్టుకొలత 3 అడుగులు, పొడవు 10 అడుగులు ఉన్న టేకు దుంగ:

- అడితి లెక్క: 3లో నాలుగో వంతు 0.75. 0.75 × 0.75 × 10 = 5.6 ఘనపు అడుగులు.
- అసలు ఘనపరిమాణం: 3 × 3 × 10 ÷ 12.57 = 7.2 ఘనపు అడుగులు.

తేడా దాదాపు 21 శాతం. ఎంత పెద్ద దుంగైనా ఇదే నిష్పత్తి. కోతలో పోయే తరుగుకు ఈ పద్ధతిలో ముందే మినహాయింపు ఉంది, కాబట్టి దాన్ని మోసం అనలేం. కానీ ఈ కొలత వేసిన తర్వాత కొనేవాళ్లు మళ్లీ "తరుగు" అని ఇంకో పది శాతం తీస్తే మాత్రం నోరు తెరిచి అడగండి: "తరుగు ఒకసారి పోయింది కదా, మళ్లీ ఎందుకు?" వంద చెట్ల గెట్టు మీద ఈ ఒక్క ప్రశ్న విలువ ఎంతో మీరే లెక్కేసుకోండి.

దేశాల పోలికలోనూ ఇదే చిక్కు. మయన్మార్ టేకును హొప్పస్ టన్నుల్లో అమ్మేవారు. హొప్పస్ టన్ను అంటే బరువు కాదు, 1.8 ఘనపు మీటర్ల కలప. దాన్ని మామూలు టన్ను అనుకుని ఇంకో దేశం అంకె పక్కన పెడితే పోలిక మొత్తం తప్పు. కాగితం మీద "టన్నులు" అని కనిపిస్తే ఏ టన్ను అని అడగండి.

4. పరిమాణమా, విలువా?

"దిగుమతులు రెట్టింపు" అంటారు. ఏవి రెట్టింపు? దుంగలా, రూపాయలా? 2004లో డాలరు 45 రూపాయల దగ్గర ఉండేది. 2024లో 84 దగ్గర. అంతే కలప, అదే డాలరు ధరకు కొన్నా రూపాయల గీత దాదాపు రెట్టింపు అవుతుంది. ఒక్క చెట్టు కూడా ఎక్కువ రాకుండానే! అందుకే పరిమాణం గీతను, విలువ గీతను విడివిడిగా చూడాలి.

5. ఎవరి లెక్క, ఏ ఏడాది?

ఒకే వ్యాపారానికి రెండు లెక్కలు ఉంటాయి. పంపిన దేశం రాసింది ఒకటి, దింపుకున్న దేశం రాసింది ఒకటి. రెండూ కలవాలి. చాలాసార్లు కలవవు. ఎన్విరాన్‌మెంటల్ ఇన్వెస్టిగేషన్ ఏజెన్సీ 2014లో మయన్మార్ దుంగల మీద ఇలా పక్కపక్కన పెట్టి చూసింది. 2000 నుంచి 2013 వరకు మిగతా దేశాలు దింపుకున్నామని రాసినదానిలో మూడో వంతు కూడా మయన్మార్ అధికారిక ఎగుమతి లెక్కలో లేదు. మిగతా దుంగలు ఎక్కడి నుంచి వచ్చాయో వేరే చెప్పక్కర్లేదు.

ఏడాది సంగతి కూడా చూడాలి. మన వాణిజ్య శాఖ లెక్క ఏప్రిల్ నుంచి మార్చి. ఐక్యరాజ్య సమితి లెక్క జనవరి నుంచి డిసెంబరు. ఇక మొదలు పెట్టే ఏడాదిని బట్టి గీత ఎటైనా వంగుతుంది. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. ఆ సంగతి ముందే తెలిసి మన వ్యాపారులు అంతకుముందు బాగా నిల్వ చేసుకున్నారు. ఆ నిల్వ ఏడాదితో మరుసటి ఏడాదిని పోల్చితే దిగుమతి కుప్పకూలినట్టు కనిపిస్తుంది. కనీసం పదేళ్ల గీత చూడండి. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ దగ్గర అయితే 1961 నుంచి దేశాలవారీ కలప అంకెలు ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

6. అడవి నుంచా, తోట నుంచా?

ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే గత అరవై ఏళ్లలో ప్రపంచంలో ఏం జరిగిందో చూడాలి.

దేశం తర్వాత దేశం

1960ల్లో ఉష్ణమండల హార్డ్‌వుడ్ దుంగలు ఎక్కువగా పంపిన దేశం ఫిలిప్పీన్స్. కొన్నది జపాన్. యుద్ధం తర్వాత ఇళ్లు, ప్లైవుడ్ కోసం జపాన్ విపరీతంగా కొన్నది. 1973 ప్రాంతంలో ఏడాదికి 2.5 కోట్ల ఘనపు మీటర్లకు పైనే దింపుకుంది. ఫిలిప్పీన్స్ అడవులు పలచబడ్డాయి, 1970ల్లో ఇండోనేషియా ముందుకొచ్చింది. ఇండోనేషియా 1985లో దుంగల ఎగుమతి పూర్తిగా ఆపేసి ప్లైవుడ్ చేసి అమ్మడం మొదలుపెట్టింది. అప్పుడు బరువంతా మలేషియాలోని సబా, సరవాక్ రాష్ట్రాల మీద పడింది. సబా 1993లో నిషేధం పెట్టింది, తర్వాత సడలించి 2018లో మళ్లీ పెట్టింది. సరవాక్ దుంగలకు మన దేశం పెద్ద గిరాకీదారు. అక్కడ కూడా ఎగుమతి వాటా తగ్గిస్తూ వచ్చారు. ఆ తర్వాత వంతు పాపువా న్యూగినీ, సోలమన్ దీవులది. 2010ల మధ్యలో పాపువా న్యూగినీ ఒక్కటే ఏటా 30 లక్షల ఘనపు మీటర్లకు పైగా దుంగలు పంపింది. ఎక్కువ భాగం చైనాకు.

చైనాకు ఎందుకు అంత అవసరం? 1998లో యాంగ్‌ట్జీ నదికి ఘోరమైన వరదలు వచ్చాయి. పైన అడవి నరికినందుకే నీళ్లు ఆగలేదని గ్రహించి సహజ అడవుల నరికివేత మీద ఆంక్షలు మొదలుపెట్టి, 2017 కల్లా దేశమంతటా వ్యాపార నరికివేత ఆపేశారు. థాయ్‌లాండ్‌లోనూ అంతే: 1988 నవంబరులో దక్షిణాన వరదలు, బురద, దుంగలు కొట్టుకొచ్చి ఊళ్లు మునిగాయి. 1989 జనవరిలో నరికివేత నిషేధించారు. ఇద్దరూ తమ అడవి కాపాడుకున్నారు, కొనుగోలు మాత్రం పక్క దేశాల అడవి మీద పడింది.

ఈ దేశాల గీతలన్నీ ఒకే కాగితం మీద గీసి చూడండి. ఒకటి లేస్తుంది, శిఖరానికి పోతుంది, పడుతుంది. అది పడేసరికి పక్కది లేస్తుంది. పైకి పోయే ప్రతి గీతా పంట దిగుబడి అనుకోకండి. నేలలో ఏమీ తిరిగి వేయకుండా యూరియా బలంతో మూడు నాలుగేళ్లు దిగుబడి తీసినట్టే ఇదీ. తిరిగి ఇవ్వని దిగుబడి, కరిగిపోతున్న నిల్వ మాత్రమే.

మన దేశం సంగతి

మనకు 1996 డిసెంబరు 12 ముఖ్యమైన తేదీ. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఆ రోజు ఇచ్చిన ఉత్తర్వుతో, ఆమోదం పొందిన వర్కింగ్ ప్లాన్ లేకుండా అడవిలో చెట్టు కొట్టడానికి వీల్లేకుండా పోయింది. ప్రభుత్వ అడవుల కలప తగ్గింది, దిగుమతి పెరిగింది. మన పాత ఇళ్లలో "బర్మా టేకు ద్వారబంధం" అని గొప్పగా చెప్పుకునేవాళ్లం. 2014 తర్వాత ఆ దుంగ రావడం ఆగింది. ఇప్పుడు మన అడితిల్లో కనిపించే టేకు ఘానా, టాంజానియా, ఈక్వడార్, పనామా, కోస్టారికా, బ్రెజిల్ లాంటి చోట్ల నుంచి వచ్చే తోట టేకు. 2005 నుంచి 2014 వరకు ప్రపంచంలో చేతులు మారిన టేకు దుంగ ఏటా సగటున 10 లక్షల ఘనపు మీటర్లకు పైన. అందులో సుమారు నాలుగింట మూడు వంతులు కొన్నది మన దేశమే.

కరపత్రం వాళ్లు ఈ అంకె చూపించి "చూశారా గిరాకీ" అంటారు. గిరాకీ నిజమే. కానీ మనకు పోటీ ఎవరో కూడా చెప్పాలి కదా. మంచి వానలున్న నేలల్లో 20, 25 ఏళ్లకు కోసే లాటిన్ అమెరికా తోటలతో మన ఎర్ర చెలక నేలలో టేకు పోటీ పడాలి.

మరో లెక్క మన దగ్గరే ఉంది, కరపత్రంలో ఎప్పుడూ కనిపించదు. భారత అటవీ సర్వే సంస్థ 2011 నివేదికలో ప్రభుత్వ అడవుల నుంచి వచ్చే కలప ఏడాదికి సుమారు 32 లక్షల ఘనపు మీటర్లు. అడవి బయట, అంటే రైతుల పొలాలు, గెట్లు, ఊళ్లలోని చెట్ల నుంచి రాగలిగినది 4.28 కోట్లు! అది 2017 నివేదికలో 7.45 కోట్లకు, 2023 నివేదికలో 9.15 కోట్లకు పెరిగింది. ఇది కోతకు రాగల అంచనా, కోసిన లెక్క కాదన్నది గుర్తుపెట్టుకోండి. అయినా విషయం స్పష్టం: ఈ దేశానికి కలప ఇస్తున్నది రైతు. ఆ రైతులు పెంచేది కూడా ఒక్క టేకు కాదు. మామిడి, వేప, జామాయిల్, సరుగుడు, ఉత్తరాదిన పోప్లర్. హర్యానాలోని యమునానగర్ ప్లైవుడ్ పరిశ్రమ ఎక్కువగా రైతుల పోప్లర్ మీద నిలబడింది. అక్కడ రైతు చెట్టు పెట్టినప్పుడు కొనే మిల్లు దగ్గరలోనే ఉంది. మన వైపు ఎకరం టేకు పెట్టే ముందు అడగాల్సింది అదే: కొనేవాడు ఎంత దూరంలో ఉన్నాడు?

శ్రీగంధం, ఎర్రచందనం మాటేమిటి?

శ్రీగంధం గీత కూడా పైన చెప్పిన కథే. 1950, 60ల్లో మన దేశం ఏడాదికి సుమారు 4 వేల టన్నుల చేవ ఇచ్చేది. తర్వాత అది వందల టన్నులకు పడిపోయింది. ఆ ఖాళీ చూసి ఆస్ట్రేలియా ఉత్తరాన 1999 నుంచి మన శ్రీగంధాన్నే పెద్ద ఎత్తున పెట్టారు, పది వేల హెక్టార్లకు పైగా. "కొరత ఉంది కాబట్టి లాభం ఖాయం" అనే మాటతోనే పెట్టుబడులు తెచ్చారు. అక్కడి అతిపెద్ద శ్రీగంధం తోటల కంపెనీ 2018లో అప్పులవాళ్ల తరఫు రిసీవర్ల చేతికి పోయింది. చెట్లు ఉన్నాయి, నీళ్లు ఉన్నాయి, యంత్రాలు ఉన్నాయి. అయినా లెక్క తప్పింది. ఇక్కడ 200 గజాల ప్లాట్లో నాలుగు గంధం మొక్కలు పెట్టి లక్షలు వస్తాయంటే ఎలా నమ్మాలి?

మన దగ్గరా ఇది కొత్త కాదు. 1990ల్లో టేకు కంపెనీలు ఊరూరా తిరిగి డబ్బు వసూలు చేశాయి, చాలా వరకు మునిగాయి. ఆ అనుభవంతోనే సెబీ 1999లో సామూహిక పెట్టుబడి పథకాలకు నిబంధనలు తెచ్చింది.

ఎర్రచందనం 1995 నుంచి సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉంది. సొంత పొలంలో పెంచినదైనా అనుమతులు లేకుండా కొట్టడం, తరలించడం, ఎగుమతి చేయడం కుదరదు. 2019లో పట్టా భూముల్లో పెంచిన దానికి ఎగుమతి విధానంలో సడలింపు వచ్చిన మాట నిజం. కానీ కాగితాలన్నీ పక్కాగా ఉండాలి.

మరి ఏం చేద్దాం?

చెట్లు పెట్టొద్దని నేను అనడం లేదు. నా గెట్ల మీద టేకు, వేప ఉన్నాయి, ఇంకా పెడతాను. ఎకరాన్ని చెట్లకు అప్పగించొద్దు, గెట్టును అప్పగించండి అంటున్నాను.

- గెట్టు మీద వరుస, రకాలు కలిపి. టేకు, వేప, నల్లమద్ది, జిట్రేగి కలిపి పెట్టండి, మధ్యలో గ్లిరిసిడియా. ఒక రకం రేటు పడినా ఇంకోటి ఉంటుంది. పక్క రైతు పొలంలోకి నీడ, వేరు పోకుండా హద్దు నుంచి కొంచెం లోపలికి పెట్టండి, తర్వాత గొడవలు ఉండవు.
- వేరుకు కందకం. పంట వైపు అడుగున్నర, రెండడుగుల లోతు కందకం తీసి ఉంచితే టేకు వేరు పంటలోకి రాదు. ఆ కందకంలో వాన నీరు కూడా ఇంకుతుంది.
- ఆకు మీదే, బయట పడేయకండి. రాలిన టేకాకు ఆచ్ఛాదనకు వాడండి. మొదటి మూడేళ్లు జీవామృతం పాదుకు ఇవ్వండి.
- పక్క కొమ్మలు లేతగా ఉన్నప్పుడే తీయండి. ముడి లేని పది అడుగుల మొదలుకే రేటు.
- చుట్టుకొలతే డబ్బు. 10 అడుగుల దుంగ చుట్టుకొలత 18 అంగుళాలుంటే అడితి లెక్కలో 1.4 ఘనపు అడుగులు. 36 అంగుళాలకు వస్తే 5.6. చుట్టుకొలత రెట్టింపైతే కలప నాలుగింతలు, పైగా తెల్లచెక్క తగ్గి చేవ పెరుగుతుంది. అవసరానికి చిన్న చెట్టు కొట్టి అమ్మడమే అసలు నష్టం. మధ్యలో పలచన చేసేటప్పుడు బక్క చెట్లు తీయండి, బలమైనవి ఉంచండి.
- కాగితం. 2002 వాల్టా చట్టం ప్రకారం పట్టా భూమిలో చెట్టు కొట్టడానికీ అనుమతి కావాలి. సరుగుడు, సుబాబుల్, జామాయిల్ లాంటి వాటికి సడలింపులు ఉన్నాయి. రేంజ్ ఆఫీసులో ముందే కనుక్కోండి. కేంద్రం 2025 జూన్‌లో పొలాల్లోని చెట్ల నరికివేతకు నమూనా నియమాలు ఇచ్చింది, రాష్ట్రాలు తీసుకుంటే పని సులువవుతుంది. నాటిన సంవత్సరం, రకం, సంఖ్య ఒక పుస్తకంలో రాసి ఫోటోలు పెట్టుకోండి. పదిహేనేళ్ల తర్వాత "ఇది అడవి చెట్టు కాదు, నేను నాటింది" అని చూపించాల్సింది మీరే.

ప్రతి ఏడాది సంక్రాంతికి గెట్టు మీద చెట్లన్నిటికీ ఛాతీ ఎత్తులో టేపు పట్టి చుట్టుకొలత రాసుకోండి. ఐదేళ్లు రాస్తే మీ నేలలో టేకు ఏడాదికి ఎన్ని అంగుళాలు లావెక్కుతుందో మీకే తెలుస్తుంది. ఆ అంకె ఏ దేశం గ్రాఫులోనూ దొరకదు. తర్వాత ఎవరైనా రంగుల కాగితం పట్టుకుని వస్తే కూర్చోబెట్టి మజ్జిగ ఇవ్వండి, ఆరు ప్రశ్నలూ అడగండి, ఆ పుస్తకం పక్కన పెట్టి లెక్క చెప్పమనండి.